తెల్లగ పడితె సూది

"రెండు కోళ్ళు సాలు డాక్టర్ సాబ్! ఒకదానికి మీ సూది, ఒకదానికి నా దారం. ఏది బతుకుతదో సూద్దాం!" పాశమైలారం నడివీధిలో పెంటయ్య తొడగొట్టాడు. ఆయన మంత్రించిన దారం కాలికి కట్టందే ఆ ఊళ్ళో పెట్ట గుడ్డు కూడా పెట్టదని పేరు.

పశువుల డాక్టర్ అబ్దుల్ గనీ టీకా సూదుల పెట్టెను దగ్గరికి లాక్కున్నాడు. ముత్తంగిలో కోళ్ళు మెడలు వాల్చి చస్తున్నాయి. రోగం ఇవాళో రేపో ఇక్కడికీ వస్తుంది. పందెం ఓడాడా, సూదుల పెట్టె సైకిల్‌కు కట్టుకుని సంగారెడ్డి పోవలసిందే. ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ ఒక్క కోడిని ముట్టనివ్వరు.

"రెండేం సాలుతయి?" గంపెడు కోళ్ళతో వచ్చిన రాజవ్వ గదిమింది. "ఒకటి సచ్చి ఒకటి బతికితె దాని తలరాత అంటరు. ఊరంతటివి అరవై తెండ్రి!"

అందాకా గొంతు చించుకుంటున్న పెంటయ్య స్వరం తగ్గించాడు. "సరే తియ్" అంటూ బలిసిన పుంజులను తనవైపు లాక్కోబోయాడు.

"ఆగు! మంచియన్ని నువ్వేరుకొని, కుంటియి ఆయన మొకాన కొడ్తవా?" రాజవ్వ కొంగుముడి విప్పి, ఒకవైపు అరగదీసిన చింతగింజ బయటికి తీసింది. "ఒక్కో కోడికి ఒక్కోపారి ఏస్త. తెల్లగ పడితె సూది, నల్లగ పడితె దారం. కోడి ఎవలదైనా, ఎట్లున్నా సరే."

గనీ నోరు తెరిచాడు. ఎవరి ఎంపికా లేకుండా పంచితేనే పరీక్ష నిజమని తను కాలేజీలో లావు పుస్తకాలు మోసి నేర్చుకున్న సంగతి ఈవిడ కొంగున కట్టుకు తిరుగుతోంది!

సూదికి ముప్పై ఒకటి పడ్డాయి, దారానికి ఇరవై తొమ్మిది.

నెల తిరక్కుండా రోగం ఊరి మీద పడింది. సూది కోళ్ళలో రెండే చచ్చాయి. దారం కోళ్ళలో నాలుగే బతికాయి. ఇంకేముంది! చుట్టుపక్కల ఊళ్ళన్నీ గంపలెత్తుకుని గనీ ముందు వరస కట్టాయి. గనీకి ఏడుపొచ్చేంత సంతోషం. పెంటయ్య రుమాలు చంకన పెట్టుకుని మెల్లగా జారుకున్నాడు.

"అవ్వా, నువ్వు లేకుంటె ఓడిపోతుంటి," అన్నాడు గనీ. "పెంటయ్య మీద నీకు గింత కోపమేంది?"

"కోపం గాదు సాబ్," రాజవ్వ అరచేతులు చూపించి నవ్వింది. "ఇరవై ఏండ్లసంది ఆ దారం వడికి వడికి చేతులు అరిగినయ్. ఇగ దారం పని బందయింది గద, మా ఇంటాయనే రోజూ కోళ్ళగూడు ఊడుస్తడు!"