వద్దు నొక్కిన మాస్టారు

కరెంటు పోయి రెండే రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. ఈలోగా లెక్కల మాస్టారి కొంప మునిగింది.

పొద్దుట్నుంచి కూర్చుని టైపు చేసిన నలభై ప్రశ్నల పేపరు తెరమీద లేదు. రేపే పరీక్ష. రెండింటికల్లా హెడ్మాస్టరుకి పంపకపోతే పరువు దక్కదు. గడియారం అప్పుడే ఒంటిగంట దాటింది.

"పోయింది! మొత్తం పోయింది!"

"ఏం పోయిందండీ?" వంటింట్లోంచి భార్య తాపీగా అడిగింది.

"నువ్వెక్కించిన ఉచిత సాఫ్ట్‌వేర్ నా పేపరు మింగేసింది. పాతదాని గడువు తీరితే మళ్లీ డబ్బు కట్టి తీసుకుందామన్నానా లేదా? విన్నావా? పనీపాటా లేనివాళ్లెవరో తయారుచేసి ఊరికే పంచిపెట్టేది ఇలాగే ఏడుస్తుంది."

"మళ్లీ తెరిచినప్పుడు మిమ్మల్ని ఏమీ అడగలేదా?"

"అడిగింది. పోయిన ఫైలు తిరిగి తెమ్మంటారా అని."

"మరి మీరు?"

"వద్దని నొక్కాను. ఊరికే ఇస్తానంటే పుచ్చుకుంటానా? రేపు బిల్లు పంపితే ఎవరు కడతారు?"

ఆవిడకిది కొత్త కాదు. సబ్బు కొంటే దువ్వెన ఉచితమంటే, ఆ దువ్వెన దుకాణంలోనే వదిలేసి వచ్చే మనిషాయన.

"పైన 'సహాయం' అని ఉంటుంది, నొక్కండి. అది వాడేవాళ్లందరూ అక్కడ ఉంటారు. రాస్తే ఎవరో ఒకరు చెబుతారు."

"ఊరికేనా?"

"ఊరికే. అడగందే అమ్మైనా పెట్టదు. అడగండి."

మాస్టారు గుమ్మంలోంచి తొంగి చూశారు. ఆవిడ ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఉంది. ఇల్లు తగలబడుతున్నా ఆ ఫోను వదలదు కదా అని ఒళ్లు మండింది. కానీ టైము లేదు. వచ్చి కూర్చుని, 'బాధితుడు' అని పేరు పెట్టుకుని, జరిగిందంతా రాసి పంపారు.

నిమిషం తిరక్కుండా 'నిదానం' అనే మారుపేరుతో జవాబొచ్చింది.

"కంగారు పడకండి. మీ కంప్యూటర్‌లో 'బ్యాకప్' అనే ఫోల్డర్ తెరవండి. పది నిమిషాలకో కాపీ అందులో పడుతూ ఉంటుంది."

తెరిచారు. ముప్పై తొమ్మిది ప్రశ్నలు వరస తప్పకుండా అక్కడున్నాయి. మాస్టారికి కళ్లు చెమర్చాయి. నలభయ్యోది మళ్లీ టైపు చేసి హెడ్మాస్టరుకి పంపేసరికి రెండింటికి పది నిమిషాలు తక్కువ.

ఇప్పుడు గుండె నిబ్బరపడింది. కృతజ్ఞత పొంగుకొచ్చింది.

"నిదానంగారూ, ముక్కూ మొహం తెలియనివాడికి పైసా అడక్కుండా సాయం చేశారు. మీరు మనిషి కాదు, దేవుడు. మా ఇంట్లోనూ ఒకావిడ ఉంది. పొద్దస్తమానం ఫోను నొక్కడమే, ఒక్కరికీ పనికొచ్చేది లేదు. అన్నట్టు, నా కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ ఉందని మీకెలా తెలిసింది?"

ఈసారి జవాబు కాస్త ఆలస్యంగా వచ్చింది.

"నేనే పెట్టాను. లేచి రండి, వడ్డించి అరగంటైంది."