తాగుబోతు గట్టు

వాకిలి ఊడుస్తున్న అగ్లాయా తలెత్తి చూసేసరికి ఎవరో ముసలాయన టీ మొక్కల మధ్య వంగి నిలబడి ఉన్నాడు.

"పెద్దాయనా, చిగుళ్లు గిల్లకండి" అని కేకేసింది.

"గిల్లడం లేదు తల్లీ. వాసన చూస్తున్నా."

కర్ర ఊతంగా మెల్లగా కిందికి దిగి వచ్చాడు. గుమ్మం మీది బోర్డు దగ్గర ఆగాడు.

'తాగుబోతు గట్టు తెల్ల టీ' అని ఉంది.

ఉన్న నాలుగు మాటలనీ చాలాసేపు చదివాడు.

"ఇక్కడ లుకేర్యా గారని ఉండాలి."

"మా అమ్మ. మొన్నటి చలికాలంలో పోయింది."

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకోలేదు.

"ఒకసారి ఆవిడ చేతి టీ తాగాను. ఈ తెల్లదే. పోయేలోపల ఇంకొక్క గ్లాసు తాగుదామని, ఉత్తరాది నుంచి రైలెక్కి వచ్చా."

అగ్లాయా ఇరకాటంలో పడింది. ఆ వసంతమంతా వాన వదల్లేదు. మొదటి చిగురు ఒక్క కూజాకు సరిపడానే నీడన ఆరింది. దాన్ని సముద్రపు ఒడ్డున ఉన్న సోచి నగరం నుంచి వచ్చే యాత్రికులకు ఇస్తానని మాటిచ్చేసింది.

"నల్ల టీ ఇస్తాను. జామ్ కూడా ఉంది."

"తెల్లదే కావాలి తల్లీ."

"పోనీ, వాళ్లు తాగాక అదే ఆకు మీద మళ్లీ నీళ్లు పోసి ఇస్తే చాలా?"

"చాలు. మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోతా."

వెళ్లి మూల బల్ల మీద కూర్చున్నాడు.

కాసేపటికి వ్యాను వచ్చింది. అతిథులు కూర్చున్నాక అగ్లాయా నీళ్లు కాగుతున్న సమోవార్ కుళాయి తిప్పి కొన్ని పట్టి పక్కన పెట్టి, ఊరికే నిలబడింది.

"ఏమ్మా, పోయవేం?" అన్నాడొక లావుపాటాయన.

"సలసల కాగే నీళ్లు పోస్తే చిగురు ఉడికిపోతుంది. కాస్త ఆవిరి తగ్గనివ్వండి."

"అతిథికి నీళ్లు చల్లార్చి పోస్తే మా అత్తగారు నన్ను గుమ్మం దాటనివ్వదు."

అందరూ నవ్వారు. తెల్లటి నూగు పట్టిన చిగుళ్ల మీద ఆమె నీళ్లు సన్నగా పోసింది. అవి కూజాలో లేచి నిలబడి, ఒక్కొక్కటే అడుక్కు దిగాయి. నీళ్లకు ఎండుగడ్డి రంగు వచ్చీ రానట్టు వచ్చింది.

లావుపాటాయన గ్లాసు ఎత్తి కిటికీ వైపు పట్టాడు. "ఇందులోంచి చూస్తే సముద్రం అవతలి టర్కీ ఒడ్డు కనిపిస్తోంది."

"ముందు తాగండి. పంచదార మాత్రం అడక్కండి."

తాగాడు. వేళాకోళం ఆగిపోయింది.

"కోసిన గడ్డి వాసన" అన్నాడు మెల్లగా. "చివర్న తేనె తగులుతోంది."

"శీతాకాలమంతా మంచు కింద పడుకుని లేచిన చెట్టు. ఆ తీపి అందుకే."

"మరి ఆ పేరేమిటి, తాగుబోతు గట్టు?"

ఆ ప్రశ్న కోసమే అగ్లాయా ఎదురుచూస్తుంది ఎప్పుడూ.

"దేశం ముక్కలయ్యాక, కొండంతా టీ పీకేసి ఆలుగడ్డ వేయమన్నారు. ఎక్కడినుంచో ఒక డ్రైవర్ని పట్టుకొచ్చారు. గట్టు తర్వాత గట్టు పీక్కుంటూ వచ్చాడు. ఈ ఆఖరి గట్టు పీకాల్సిన రోజు పొద్దున్నే పీకలదాకా తాగి, ట్రాక్టర్ని తీసుకెళ్లి ఆ లోయలో పడేశాడు. ఇంకో ట్రాక్టరు రానేలేదు. ఇది మిగిలింది."

"అయితే వోడ్కాకు దండం పెట్టాలి."

"మేం పెడుతూనే ఉన్నాం" అంది అగ్లాయా. అందరితోపాటు నవ్వింది.

మూలన ముసలాయన కూడా కొంచెం నవ్వినట్టే కనిపించింది.

వ్యాను వెళ్లిపోయాక ఆకు మీద రెండోసారి నీళ్లు పోసి ఆయనకు ఇచ్చింది. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని, కళ్లు మూసుకుని, చుక్క మిగలకుండా తాగాడు.

"మొదటిది ఇవ్వలేకపోయాను" అంది.

"రెండో నీళ్లే మెత్తగా ఉంటాయి తల్లీ. మీ అమ్మ చేతి రుచే."

లేచాడు. గుమ్మం దగ్గర బోర్డు వైపు చూశాడు.

"పేరు మార్చకు. బాగుంది."

ఆయన మలుపు తిరిగిన కొంతసేపటికి తేనెటీగలు పెంచే పొరుగాయన సెరోప్ తేనె సీసా పట్టుకుని వచ్చాడు.

"వంతెన దగ్గర ప్రొఖోర్ కనిపించాడు. బాగా ముసలివాడైపోయాడు. నీ దగ్గరికేగా వచ్చింది?"

"ప్రొఖోర్ ఎవరు బాబాయ్?"

"ఈ కొండ మీద ట్రాక్టరు నడిపినవాడు."

అగ్లాయా బల్ల తుడుస్తున్న గుడ్డ పక్కన పడేసింది.

"ఆయన ముందే ఆ కథ చెప్పాను. నవ్వాను కూడా."

"నవ్వితే ఏం? ఆ కథ అల్లింది వాడే. వాణ్ణి లోయలోంచి పైకి లాగింది నేనే. కావాలని పడేశానని తెలిస్తే, గట్టు కాపాడుకోడానికి లుకేర్యానే చేయించిందని అంటారు, తాగి పడ్డానని చెప్పు అన్నాడు. కాలి సత్తువ పోయింది, పని పోయింది, పేరూ పోయింది. మీ అమ్మకు కూడా చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"ఇప్పుడైనా చెప్పనా అని అడిగా. బస్సు కదిలాక చెప్పు అన్నాడు."

అగ్లాయా వాకిట్లోకి పరిగెత్తింది. బస్సు వంతెన దాటి చెట్లలో కలిసిపోతోంది.

బస్సు కనుమరుగయ్యాక వెనక్కి తిరిగింది.

"అంటే ఆ పొద్దున ఆయన అసలు తాగనేలేదా బాబాయ్?"

సెరోప్ బల్ల మీది ఖాళీ గ్లాసు వైపు చూశాడు.

"తాగాడమ్మాయ్. మీ అమ్మ ట్రాక్టరు దగ్గరికి తెచ్చి, గట్టు వదిలేయమని ఒక్క మాటైనా అడగకుండా చేతిలో పెట్టిన ఈ తెల్ల టీ, ఒక్క గ్లాసు."