మొదటి మోత

"బిగ్గా, ఆ ముసలాయన కోటు చూడు. లోపల ఏదో ఉబ్బెత్తుగా ఉంది."

వేదిక వెనక తెర సందులోంచి చూస్తున్న విన్‌రాయ్ గొంతు తగ్గించి అన్నాడు.

డాన్స్‌హాల్ అనే జమైకా పాటలతో టోక్యోనీ బెర్లిన్‌నీ ఊపేసిన గొంతు అది. అక్కడ పాటల్లో పులి. సొంతూరు మే పెన్‌లో మాత్రం పాట్లలో పిల్లి.

తెల్లారుతోంది. ఇక్కడ కచేరీ రాత్రంతా సాగుతుంది, పెద్ద గాయకుడి వంతు పొద్దుపొడుపుతోనే.

"పొట్టేమో బాసూ," అన్నాడు అంగరక్షకుడు బిగ్గా.

"పొట్టని రెండు చేతులా దాచుకుని ఎవడు తిరుగుతాడ్రా? ఇక్కడ అడుగుపెడితే కాల్చేస్తామని ఫోన్లు రాలేదూ? నా కన్ను ఆయన మీద, ఆయన గన్ను నా మీద."

"జనం నీ పాట కోసమే వచ్చారు బాసూ."

"సీసాలతో వచ్చారు. టోక్యోలో నా మాటలు అర్థంకాక చప్పట్లు కొడతారు. ఇక్కడ అర్థమై సీసాలు కొడతారు. ముందు ఆయన్ని బయటికి పంపు."

బిగ్గా వెళ్లి ముసలాయన చొక్కా పట్టుకున్నాడు.

ఆయన ఏదో చెప్పబోయాడు. పెదాలు కదలడం కనిపించింది గానీ, మాట వినపడలేదు.

ఇద్దరూ గేటు వైపు మాయమయ్యారు.

విన్‌రాయ్‌ని పిలిచారు. మైకు అందుకున్నాడు. రికార్డులు నడిపే సెలెక్టర్ బాణీ వేశాడు.

ఒక చరణం అయింది. మైదానం కిక్కురుమనలేదు.

పాట నచ్చితే ఇక్కడి జనం ఇంటి నుంచి తెచ్చిన గిన్నెమూతలు మోగిస్తారు. సెలెక్టర్ పాట ఆపి, మళ్లీ మొదట్నుంచి వేస్తాడు. అదే పెద్ద గౌరవం.

నచ్చకపోతే సీసా.

ఏదైనా ఎవరో ఒకరు మొదలెట్టాలి. మిగతావాళ్లు అటే.

కుర్రతనంలో ఇదే మైదానంలో అతను ఇలాగే బెదిరిపోయాడు. ఎవరో రెండు మూతలు ఠంగుమనిపించారు. ఆ మూతలతో ఊరంతా మోత. ఆ మోతే అతన్ని టోక్యో దాకా మోసుకెళ్లింది.

ఆ మనిషి మొహం మాత్రం చూడలేదు.

రెండో చరణం. ముందు వరుసలో ఒక చెయ్యి లేచింది.

సీసా వచ్చి అతని కాళ్ల దగ్గర భళ్లుమంది.

దాని వెనకే ఇంకో నాలుగు చేతులు లేచాయి.

విన్‌రాయ్ వెనక్కి వెనక్కి నడిచి తెర చాటుకి చేరాడు. బిగ్గా అప్పుడే తిరిగొచ్చాడు.

"గన్ను లాక్కున్నావా?"

"గన్ను లేదు బాసూ. ఇవే ఉన్నాయి."

బిగ్గా చేతిలో మసిబారిన రెండు గిన్నెమూతలు. మేక సూపు వాసన కొడుతున్నాయి.

"దారిలో మోగకుండా కోట్లో దాచుకున్నాడట. పిచ్చోడు. గేటు అవతలికి నెట్టి తాళం వేసినా ఒకటే గోల, 'వాడి మొదటి పాటకి ముందుగా మోగించింది నేనే, ఇవాళా బెదిరిపోయుంటాడు, నేను మొదలెట్టకపోతే ఎలా' అని."