ముట్టుకోని తాడు

"విప్పు," అన్నాడు తాళ్ళ మాస్టారు.

గుహ నోటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్న ఆవిడ తలెత్తి చూసింది. "ఇప్పటికే రెండుసార్లు విప్పాను."

"ఇంకోసారి విప్పు. బరువంతా రాతిలో దిగ్గొట్టిన ఒక్క బోల్టు మీదే పడుతోంది. రెండోది అలంకారానికా?"

నిలువునా బావిలా దిగిపోయిన ఆ గుహ అడుగున ఆవిడ భర్త కాలు విరిగి పడున్నాడు. పొద్దున ఆయన దిగిన తాడు రాతి అంచుకి ఒరుసుకుని సగం తెగిపోయింది. కొత్త తాడు కడితే తప్ప ఎవరూ దిగలేరు, ఆయన్ని పైకి తేలేరు. ఇంత జరుగుతుంటే ఈ పెద్దమనిషి చేతులు కట్టుకుని నిలబడి ఆవిడకి పరీక్ష పెడుతున్నాడు. సహాయక దళానికి కొత్తగా వచ్చిన కెప్టెన్‌కి ఒళ్ళు మండిపోయింది.

"మాస్టారూ, ఆవిడ ఉన్న స్థితిలో ఇంకెన్నిసార్లు కడతారు? మీరే కట్టొచ్చుగా? ఈ పనిలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరనేగా పిలిపించింది!"

"నేను ముట్టుకోను."

"పోనీ, నేను కడతాను."

"ఈ రాయి నీకు కొత్త. ఎన్నోసార్లు దిగింది కాబట్టి ఏ బోల్టు గట్టిదో ఆవిడకి తెలుసు. ఆవిడే కట్టాలి. నువ్వు పక్కన నిలబడి ప్రతి ముడీ చూడు."

"చూడ్డానికి ఇదేమన్నా తమాషానా?"

"రేపు ఏదన్నా అయితే తాడు ఎవరు కట్టారని అడుగుతారు. అప్పుడు నా పేరు వినపడకూడదు."

అదీ సంగతి! పేరుకి మాస్టారు, లోపల ఉత్త పిరికిపంద. కెప్టెన్ పళ్ళు నూరుకున్నాడు.

"ఆయనతో వాదించకండి. ఆ మొండితనం నాకు తెలుసు," అంటూ ఆవిడ ముడి బిగించింది. "ఇప్పుడు చాలా?"

"ముడి వెయ్యడం నీకెవరు నేర్పారు?"

"మీరే. నా ఖర్మ."

"నేను నేర్పింది ఇది కాదు. పాయ మీద పాయ ఎక్కింది. సరిచెయ్యి."

కింద నుంచి మూలుగు వినిపించింది. ఆవిడ గుహలోకి వంగింది. "ఏవండీ, మనుషులు వచ్చేస్తున్నారు! కాస్త ఓర్చుకోండి!" మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

"ఏడుపు తర్వాత," అన్నాడు మాస్టారు, మొహం పక్కకి తిప్పుకుని. "అంచు మీద మందపాటి పట్టా ఏది? పొద్దున తాడు తెగింది అక్కడే. మళ్ళీ అదే తప్పు చేస్తావా?"

ఆవిడ పట్టా పరిచి తాడు దాని మీదికి జరిపింది. ఆ విసురుకి పట్టా పక్కకి పోతే మళ్ళీ సర్దింది.

"తాడు కింది కొసన ముడి?"

"వేశాను!"

"కెప్టెన్ చూశాడా?"

"చూశాను మహానుభావా! దిగడం కూడా నేనేనా, లేక తమరు దయచేస్తారా?"

"నువ్వే దిగు. లాగడానికి నీ మనుషులున్నారు. నేను ఆ బండ మీద కూర్చుంటాను."

"మీలాంటి వాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు. సిగ్గుండాలి!"

"ఉందిలే. దిగు."

కెప్టెన్ తిట్టుకుంటూనే దిగాడు. తాడు మాత్రం ఎక్కడా రాతికి ఒరుసుకోలేదు, ఇటూ అటూ జరగలేదు. అడుగున ఆవిడ భర్త గోడకి చేరగిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. మంచినీళ్ళ సీసా అందిస్తే పక్కకి నెట్టేశాడు.

"పైన మాస్టారి గొంతు విన్నాను. ఈ తాడు కట్టింది ఆయనేనా?"

"ఆయనా? వేలు కూడా పెట్టలేదు. ఒక్కో ముడీ మీ ఆవిడ చేతే కట్టించి, నన్ను పక్కన సాక్షిగా నిలబెట్టాడు. ఎందుకూ కొరగాని మనిషి!"

అతను చేతుల్లో మొహం దాచుకున్నాడు. తర్వాత నడుముకి పట్టీ తగిలించుకోడానికి ఒప్పుకున్నాడు.

"నేనిలా అడుగుతానని ఆయనకి ముందే తెలుసు," అన్నాడు.

"ఎలా తెలుస్తుంది? అసలు ఆయనంటే మీకెందుకంత భయం?"

"నిరుటి దాకా మా ఆవిడ ఆయన భార్య."