వెనక నుంచి చూస్తే

"నాన్నా, రానన్నావుగా? ఎప్పుడొచ్చావు?"

మంచం మీద అటు తిరిగి పడుకున్న మనిషి ఇటు తిరిగాడు.

నాన్న కాదు. అవే భుజాలు, అదే పొడవు. ముఖం మాత్రం వేరే ఎవరిదో.

"సారీ అండీ. వెనక నుంచి అచ్చం మా నాన్నలా ఉంటేనూ..." అంది ప్రణతి.

"ఫికర్ లేదు బిడ్డా. గా మాట నాకు కొత్త గాదు," నవ్వాడు పెద్దాయన.

జూబ్లీ హిల్స్‌లోని ఆ దుకాణంలో, మీట నొక్కితే తల వైపు, కాళ్ల వైపు లేచే మంచం అదొక్కటే మిగిలింది. ఇంకొకటి ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు.

నడుము నొప్పితో నాన్న కొన్నాళ్లుగా కుర్చీలోనే నిద్రపోతున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాక ప్రణతి ఆయనకు కొనబోయే మొదటి వస్తువు ఇది. వట్టి చేతులతో వెళ్లకూడదని నిశ్చయించుకునే వచ్చింది.

"మీరు తీసుకుంటున్నారా?"

"సూస్తున్న. నా నడుము ఏమంటదో ఇనాలె గద."

"మా నాన్న కోసం అండీ. ఆస్పత్రి మంచం నాకొద్దంటున్నారు. అయినా తీసుకెళ్తాను."

"పండేటోడు రాకుంటె ఎట్ల తెలుస్తది? నువ్వన్న పండు. పక్కకు తిరుగు. ఎవ్వరి సాయం లేకుండ లే. గప్పుడు కొను."

మంచం అంచు పట్టుకుని ఆయన మెల్లగా లేచి చోటిచ్చాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. ప్రణతి పడుకుంది, తిరిగింది, చటుక్కున లేచింది.

"నీకేంది, కోడిపిల్ల లెక్క లేస్తవ్."

ఎలాగైనా ఆయన్ని ఒప్పించాలి.

"మా నాన్న పాత సినిమాల్లో హీరో అండీ. వెంకటేశ్వరరావు గారు. కొండ మీంచి వాగులోకి దూకుతారు చూడండి, అప్పుడు పోయిన నడుము."

పెద్దాయన వంగి చెప్పులు వేసుకోసాగాడు.

"ఆ సినిమా చూశారా?"

"సూడలే బిడ్డా. అది ఆడినన్ని దినాలు దవాఖానల్నే ఉంటి."

సేల్స్‌మన్ వైపు తిరిగాడు. "ఈ బిడ్డకే ఇయ్యి. నేను మల్ల సూస్కుంట."

గుమ్మం దగ్గర ఆగి, "ఓదెలు అడిగిండని చెప్పు మీ నాయినకు," అన్నాడు. ఒక పక్కకు ఒరుగుతూ మెట్లు దిగిపోయాడు.

మంచం దక్కిన సంబరంలో ప్రణతి ఆయనకు థాంక్స్ కూడా చెప్పలేదు.

సాయంత్రం ఫిల్మ్ నగర్ ఇంట్లో నాన్న మంచాన్ని లేపాడు, దించాడు, మళ్లీ లేపాడు.

"ఆస్పత్రి మంచం అన్నావు?"

"ఎవరన్నారు? ఇది సింహాసనం."

"ఒకాయన నీకోసం వదులుకున్నాడు నాన్నా. నిన్నడిగానని చెప్పమన్నాడు. ఓదెలు అట."

మీట మీద నాన్న వేలు ఆగింది.

"నా నడుము గురించి చెప్పావా?"

"చెప్పాను. కొండ మీంచి దూకావని కూడా."

"ఏమన్నాడు?"

"ఆ సినిమా చూడలేదట, అది ఆడినన్నాళ్లూ ఆస్పత్రిలోనే ఉన్నాడట. వెనక నుంచి అచ్చం నీలాగే ఉన్నాడు. ఎవరు నాన్నా?"

నాన్న ఎదురుగోడ వైపు చూశాడు. ప్రణతి పుట్టకముందు నుంచీ అక్కడ ఒక సినిమా పోస్టరు ఉంది. కొండ చివర నుంచి గాల్లోకి లేచిన మనిషి వీపు, కింద వాగు.

"దూకింది నేను కాదమ్మా," అన్నాడు నాన్న. "ఆ వీపు ఓదెలుది."