పెన్నలో ఐసు

కోదండరామయ్య సంచిలోంచి కట్ల చేపను తీసి భార్య ముందు పెట్టాడు.

"సోమశిల కాడ పెన్నలో పట్టినాను. అరగంట గుంజులాడింది."

దేవకమ్మ చేప మొప్ప ఎత్తి చూసింది. లోపల ఐసు ముక్క ఇంకా కరగలేదు.

"పెన్నలో ఇప్పుడు ఐసు కూడా పడతా ఉండాదా?"

ఆయన ఆకాశం వంక చూశాడు. లారీ తోలాడు, బోర్లు వేశాడు, పత్తిచేలకు మందు చల్లే విమానం పన్నెండేళ్లు నడిపాడు. డెబ్బై ఎనిమిదో ఏట చేపల మీద పడ్డాడు. ఏ పని చేసినా కోతలు మాత్రం మానలేదు.

"ఆత్మకూరు బస్టాండు కాడ కొనేదానికి గాలం ఎందుకు? సంచి చాలదా?"

నవ్వుతూ గాలం కర్రను మూలన పెట్టబోయి ఆగింది. దారానికి కొక్కెం లేదు. ఎక్కించబోయి ఎక్కించబోయి దారం కొస నలిగిపోయి ఉంది. కొత్త కొక్కెం సంచిలో కాగితం పొట్లంలోనే ఉంది. దాని సన్నటి కన్నం ఆయన చూపుకు ఆనలేదు.

దేవకమ్మ కొక్కెం తీసి, దారం ఎక్కించి, ముడి వేసింది.

"రేపు నేనూ వస్తాను."

"నీకేం తెలుసు మే చేపలు పట్టేది?"

"పెద్ద విమానానికి ఇద్దరు పైలట్లు ఉంటారంటివి గదా. కొక్కెం నేను కడతాను, కోతలు నువ్వు కొయ్యి."