ఆరబెట్టిన రెమ్మలు

సెడమ్ మొక్క ఉన్న కుండీలో ఎవరో గులకరాళ్లు పేర్చారు.

ఆమె గేటు దగ్గరే ఆగిపోయింది. పొద్దున బట్టలు కుట్టే షెడ్డుకు వెళ్లేటప్పుడు ఆ రాళ్లు లేవు. ఇప్పుడు తడిమట్టి కాడకు తగలకుండా, మొక్క మొదట్లో సన్నరాళ్లు గుండ్రంగా సర్ది ఉన్నాయి. సెడమ్‌కు అలా రాళ్లు పేర్చే ఇల్లు ఆమెకు తెలిసి ఒక్కటే. ఆ ఇంటి నుంచే ఆమె పారిపోయి వచ్చింది.

ఆమె మొగుడికి నర్సరీ ఉంది. మొక్కల మీద ఈగ వాలనివ్వడు. పెళ్లాం మీద మాత్రం అతని చెయ్యి పడని వారం లేదు. "ఎక్కడికి పోయినా వెతికి పట్టుకుంటా. పట్టుకున్న రోజే నీకు ఆఖరు" అనేవాడు. అది ఉత్తుత్తి బెదిరింపు కాదని, విరిగి అతుక్కున్న ఆమె మణికట్టుకు బాగా తెలుసు.

కట్టుబట్టలతో వచ్చేసింది. ఎలా పడిందో, చేతిసంచిలో ఒక సెడమ్ రెమ్మ కూడా వచ్చింది. చాన్నాళ్ల తర్వాత సంచి దులిపితే బయటపడింది. నీటిచుక్క లేకపోయినా ఆ లావుపాటి ఆకులు పచ్చగానే ఉన్నాయి. మొండిఘటం అనుకుని, ముచ్చటపడి నాటింది. ఆ ఒక్క రెమ్మే అరుగు పొడవునా కుండీలైంది. ప్రేమకొద్దీ నీళ్లు కాస్త ఎక్కువే పోసేది. దాంతో రెండు మొక్కలు కుళ్లిపోతున్నాయి.

పైవాటాలో ఉండే ఇంటావిడను అడిగింది.

"పిన్నిగారూ, పగలు ఎవరైనా వచ్చారా?"

"టీవీ ముందు కూర్చున్నానంటే ఏనుగొచ్చినా చూడను. ఏం పోయిందేమిటి?"

"ఏం పోలేదండి. ఎవరో మొక్కలకు రాళ్లు పేర్చారు."

"అలాంటి దొంగ మళ్లీ వస్తే పైకి కూడా పంపమ్మా. నా మొక్కలు చావుబతుకుల్లో ఉన్నాయి."

ఆమెకు నవ్వు రాలేదు.

మర్నాడు సాయంత్రం గేటు తీస్తూనే అరుగు వైపు చూసింది. కుళ్లిన కాడలు తీసేసి ఉన్నాయి. బాగున్న కొసలు తుంచి, అరుగు మీద నీడపట్టున, పాత కాగితం పరిచి వరసగా ఆరబెట్టి ఉన్నాయి.

తుంచిన రెమ్మను వెంటనే నాటితే కుళ్లిపోతుంది. తుంచిన చోట గాయం ఆరాలి. రెండు మూడు రోజులు ఆగి అప్పుడు నాటాలి. అంటే, ఆరబెట్టిన మనిషి నాటడానికి మళ్లీ వస్తాడు.

ఆ రాత్రి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఈ ఊరు అతనికెలా తెలిసింది? ఇక్కడ తనకో స్నేహితురాలు ఉందని ఆమె చెప్పుకున్నది అత్తగారొక్కరితోనే. కొడుకు కోడల్ని కొడుతుంటే తల వంచుకుని కూరలు తరుక్కునే మనిషి ఆవిడ. కొడుకు గద్దించి అడిగితే ఎంతసేపని దాచగలదు?

మళ్లీ పారిపోదామనుకుంది. ఎక్కడికని పోతుంది? పని ఇచ్చే చోటు ఇదొక్కటే, తల దాచుకునే గూడు ఇదొక్కటే. పోలీసుల దగ్గరికి వెళ్లి, మా ఆయన నా మొక్కలు బాగుచేశాడని చెబితే వాళ్లు నవ్విపోతారు.

రెమ్మలు ఆరే రోజుకు సెలవు పెట్టింది. కిటికీలు మూసి, బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర ఒళ్లో పెట్టుకుని, తలుపు వెనక కూర్చుంది. చిన్న చప్పుడైతే చాలు, ప్రాణం పోయినంత పనవుతోంది.

మధ్యాహ్నం గేటు గొళ్లెం కదిలింది. అడుగులు మెల్లగా వచ్చి అరుగు దగ్గర ఆగాయి. తర్వాత మట్టి గీకుతున్న చప్పుడు వినబడింది.

ఇంకెన్నాళ్లిలా చావడం అనిపించింది. కత్తెర ఎత్తి పట్టుకుని, తలుపు ఒక్క ఊపున తీసింది.

కుండీ ముందు అత్తగారు గొంతుక్కూర్చుని ఉంది. వేళ్లనిండా మట్టి, పక్కనే గుడ్డసంచి.

కోడలి చూపు ఆవిడను దాటి గేటు వైపు పరుగెత్తింది. తల్లిని ముందు పంపి, అతను మలుపులో కాచుకుని ఉంటాడు.

"మీ అబ్బాయెక్కడ అత్తయ్యా?" ఆమె కత్తెర దించలేదు. "చెప్పండి, ఎక్కడ నిలబెట్టారు?"

అత్తగారు సంచి తీసుకుని, మోకాళ్లు పట్టుకుని లేచింది. కోడలి చేతిలోని కత్తెరను చూసి కూడా ఆగకుండా లోపలికి వచ్చేసింది. వీధిలోంచి కనబడనంత దూరంగా వెళ్లి, గోడకు ఆనుకుని నిలబడింది.

"ముందు ఆ తలుపు గడియ పెట్టు తల్లీ, వాడిప్పుడు నన్ను కూడా వెతుకుతుంటాడు."